పురుగు చెప్పింది, రోబో ఒప్పించింది

ఆడ కీచురాయి చెవులు ముందుకాళ్ల మీద ఉంటాయి. చీకట్లో రెక్కలు రాపాడిస్తూ పాడే మగదాన్ని వాటితోనే పసిగట్టి చేరుకుంటుంది. ఇంత చిన్న మెదడుకు అదెలా సాధ్యం? ఎడింబరో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు బార్బరా వెబ్ 1990లలో దీనికి జవాబు వెతుకుతూ ఏకంగా రోబోనే కట్టారు. చెవులకు బదులు రెండు మైకులు, కాళ్లకు బదులు చక్రాలు. పాటను ముందు గుర్తుపట్టి, తర్వాత దిక్కు తేల్చుకునే రెండంచెల వ్యవహారం అక్కర్లేకుండానే పని జరగవచ్చని ఆ బండి నడిచి చూపించింది.

పురుగులను చూసి రోబోలు కట్టే ఈ వృత్తిలో సగం పశుపోషణ, సగం మెకానిక్ పని. పురుగులకు తిండీ నీళ్లూ చూడాలి, పెట్టెలు కడగాలి. అవే చేతులతో సన్నటి తీగలకు సోల్డరింగ్ పెట్టాలి. కీటకాన్ని తేలికపాటి బంతి మీద నడిపించి, బంతి తిరిగిన తీరును బట్టి నడకను లెక్కగట్టాలి. రోబో దారి తప్పిందంటే, పురుగు మనకింకా పూర్తిగా అర్థం కాలేదన్నమాట. కాగితం మీద ఎంత లోపమైనా సర్దుకుపోతుంది, నేల మీద చక్రం ఊరుకోదు.

బొద్దింక కనబడితే మనం చీపురందుకుంటాం. బర్క్‌లీలో పరిశోధకులు కౌశిక్ జయరామ్, రాబర్ట్ ఫుల్ స్కేలందుకున్నారు. అది 3 మిల్లీమీటర్ల సందులోంచి కూడా దూరిపోతుందని కొలిచి, శిథిలాల్లో చిక్కుకున్నవారిని వెతకడానికి పనికొచ్చేలా, అలాగే నలిగి దూరే అరచేతి రోబోను 2016లో లోకానికి చూపారు. అసహ్యాన్ని పక్కనపెట్టి పురుగు దగ్గర శిష్యరికం చేసే ఆ వినయానికే నా మొదటి చప్పట్లు.