కంచు పతకానికి చింతపండా?

ఈ వారం ఒక పరిచయస్తుడు తన శ్రీరంగపట్నం పతకాన్ని తెచ్చి చూపించారు. "చింతపండుతో తోమించానండీ, ఎలా మెరుస్తోందో చూడండి!" అన్నారు మురిపెంగా. నా ప్రాణం ఉసూరుమంది. పాత లోహాన్ని తోమకండని ఈ కాలమ్‌లో నేను పెట్టే పోరు మీకు తెలిసిందే. పూజగదిలో చెంబు వేరు, పతకం వేరు.

1799 మే 4న టిప్పు కోట పడింది. ఆ గుర్తుగా ఈస్టిండియా కంపెనీ కోరితే బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో మాథ్యూ బౌల్టన్ ఈ పతకాలు కొట్టించాడు. అచ్చు చెక్కింది కూక్లర్. పంపకం హోదాను బట్టి జరిగింది: పెద్దలకు బంగారం, కింది అధికారులకు వెండి, హవల్దార్లకు కంచు, మామూలు సిపాయికి తగరం. కంచు అంటున్నాం గానీ లోపలున్నది రాగే. ఆ ముదురు గోధుమరంగు టంకశాలలోనే పట్టించారు. అది మకిలి కాదు, పనితనం. పులుపు తగిలితే పోతుంది, మళ్లీ రాదు.

అయినా భూతద్దం తీశాను. ఒకవైపు సింహం పులిని కిందపడేసి అదిమింది. పులి టిప్పు గుర్తు. సింహం వెనక జెండా మీద దైవసింహానిదే గెలుపని అరబ్బీలో ఉంది. టిప్పు తన ఆయుధాల మీద వేయించుకున్న మాటే అది! ఓడినవాడి మాటను లాక్కుని గెలిచినవాడి జెండాకెక్కించారు. రెండంగుళాలు కూడా లేని బిళ్లలో అంత కసి. రెండోవైపు కోట ముట్టడి, నడినెత్తిన సూర్యుడు. దాడి మొదలైంది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మరి. అడుగున పారసీకంలో హిజ్రీ 1213. అక్షరాలు పదునుగా ఉన్నాయి, నేల మీద సన్నగుంటలు లేవు. పోతపోసిన నకలు కాదు.

పైఅంచున చిల్లు కనబడింది. కంపెనీ ఈ పతకాలను కొక్కెం లేకుండా ఇచ్చింది. పెట్టుకోవాలనుకున్నవాళ్లే కొండీ వేయించుకున్నారు, లేదా చిల్లు పొడిపించుకున్నారు. చిల్లు పడితే వేలంలో ధర పడిపోతుంది. కానీ ఈ చిల్లు పైగట్టు ఒకవైపే అరిగి నున్నబడింది, దారం ఏళ్లతరబడి లాగినట్టు. సింహం జూలు మీది అరుగుదలా చింతపండుది కాదు, బట్టకు రాసుకున్నది. మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్లు ఎందరో. నిజాం సేనలూ ఆ కోట మీదికి వెళ్లాయి. పేరు చెక్కకుండా ఇచ్చారు కనుక ఇది ఎవరి రొమ్ము మీద ఊగిందో ఇక తేలదు. ఆ హవల్దారు ఇంట్లోనూ పండగకు దీన్ని తోమే ఉంటారు. ఆ తోముడు మీద నాకు కోపం రావడం లేదు. ఎవరూ తాకకుండా పెట్టెలో నిగనిగలాడే పతకమూ ఇదీ పక్కపక్కన పెడితే, నా చెయ్యి దీని మీదికే పోతుంది.

ఇలాంటి చిల్లులు పూడ్చి, పైన రంగు పులిమి, మచ్చలేనిదని అమ్మేవాళ్లున్నారు. పైఅంచు దగ్గర రెండువైపులా ఒకేచోట బొమ్మ గీతలు చెదిరాయేమో, రంగు తేడాగా ఉందేమో చూడండి. అలా ఉంటే సగం ధరకిచ్చినా నేను కొనను.