కొలబద్ద కదలిన పరిశోధన

అలసట ఎరుగనివారు లేరు. నాట్లు వేసి వచ్చిన కూలీ, పరీక్షకై రాత్రంతయు మేల్కొన్న విద్యార్థి, ఇంటిల్లిపాదికి వండి వడ్డించిన ఇల్లాలు, అందరును అలసిపోవుదురు. కడుపునిండ తిని ఒక రాత్రి నిద్రించినచో ఆ అలసట తీరిపోవును. కాని ఎంత నిద్రించినను తీరని అలసట ఒకటి ఉన్నది. వైద్యులు దానిని మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనియు, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనియు పిలుచుచున్నారు. మనము దీర్ఘకాలిక అలసట వ్యాధి అనుకొందము.

పేరులో అలసట ఉన్నను, ఈ వ్యాధికి అసలు గుర్తు అది కాదు. రోగి కొంచెము శ్రమించినను చాలును. అది స్నానము కావచ్చును, అరగంట చదువు కావచ్చును. ఆనాడో మరునాడో అతడు ఒక్కసారిగా కూలబడిపోవును. ఒళ్లు నొప్పులు, తలతిరుగుడు, చదివినది బుర్రకెక్కకపోవుట మొదలైనవి కొన్ని రోజులు, ఒక్కొక్కప్పుడు వారములు నిలుచును. దీనిని శ్రమానంతర అస్వస్థత అనవచ్చును. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తన నివేదికలో ఈ లక్షణము లేనిదే ఈ వ్యాధి అని నిర్ణయింపరాదని చెప్పినది.

ఇట్టి రోగికి వ్యాయామము మందు కాగలదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు బ్రిటనులో జరిగిన ఒక పెద్ద ప్రయోగమును ఈ వ్యాసములో పరిశీలింతము. దాని పేరు పేస్. ఫలితములు 2011లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. దీనిని విమర్శించుటకు ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన గణితము చాలును. అందువలననే దీనిని ఎన్నుకొంటిని. మరియొక కారణము నా స్వంతమైనది. దానిని చివర చెప్పెదను.

మొదట ఈ ప్రయోగములోని మంచిని చెప్పుట న్యాయము. ఇందులో 641 మంది రోగులు పాల్గొనిరి. వారిని చీట్లు తీసినట్లు, ఎవరి ఇష్టాయిష్టములకు తావు లేకుండ, నాలుగు వర్గములుగా విభజించిరి. అందరికిని నిపుణులైన వైద్యుల సంరక్షణ లభించినది. ఒక వర్గమునకు అది తప్ప వేరు చికిత్స లేదు. రెండవ వర్గమునకు ఉన్న శక్తికి లోబడి పనులు సర్దుకొనుట నేర్పిరి. మూడవ వర్గమునకు ఆలోచనలను, నడవడిని సవరించు మానసిక చికిత్స చేసిరి. నాలుగవ వర్గముచే వ్యాయామమును క్రమక్రమముగా పెంచుచు చేయించిరి. ఇంత పెద్ద సంఖ్యలో, ఇంత ఓపికతో ఈ వ్యాధిపై అంతకు ముందు ప్రయోగము జరుగలేదు.

చివరి రెండు చికిత్సల వెనుక ఒక ఊహ ఉన్నది. రోగి శ్రమకు భయపడి కదలడు. కదలనందున కండరములు బలహీనపడును. బలహీనత వలన భయము హెచ్చును. ఈ వలయమును తెంచినచో రోగి కోలుకొనునని పరిశోధకులు భావించిరి. ఊహ అసంగతమైనది కాదు. దానిని పరీక్షించిన విధమెట్టిదో చూడవలెను.

రోగి శరీరశక్తిని 0 నుండి 100 వరకు గల ఒక ప్రశ్నావళితో కొలిచిరి. మెట్లు ఎక్కగలరా, సంచి మోయగలరా, ఎంత దూరము నడువగలరు అని అడిగి జవాబులకు మార్కులు వేయుదురు. 65 గాని అంతకు తక్కువ గాని వచ్చినవారినే రోగులుగా చేర్చుకొనిరి. 85 వచ్చిననే కోలుకొనినట్లని ముందుగా వ్రాసుకొనిన ప్రణాళికలో ఉన్నది. కాని 2013లో కోలుకొనినవారి లెక్కలు ప్రచురించునాటికి ఆ గీత 60కి దిగినది!

మన పాఠశాలలో వెనుకబడినవారికి ఒక ప్రత్యేక తరగతి పెట్టితిమనుకొనుడు. 35 మార్కులకు మించనివారినే అందులో చేర్చుకొంటిమి. సంవత్సరాంతమున 30 వచ్చినవానిని కూడ ‘బాగుపడినాడు’ అని ప్రకటించినచో ఏ తండ్రి ఒప్పుకొనును? 35తో చేరి 30కి దిగినవాడును ఆ జాబితాలో చేరవచ్చును గదా! పేస్‌లో కోలుకొనుటకు మరికొన్ని నియమములు కూడ ఉన్నమాట నిజమే. అయినను రెండు ముఖ్యమైన కొలతలలో ఏదో ఒకదానిలో, చేరిననాడే ‘కోలుకొనిన’ గీతను దాటియున్నవారు 13 శాతము. పాత గీత మరీ కఠినమైనదనియు, ఫలితములను చూడకముందే మార్చితిమనియు పరిశోధకులు సమాధానము చెప్పిరి. గీతను సడలించుట వేరు, చేర్చుకొనిన గీతకంటె దిగువకు దించుట వేరు. ఈ ప్రశ్నకు ఆ సమాధానము చాలదు.

రెండవ లోపము. ఏ చికిత్స పొందుచున్నాడో ప్రతి రోగికిని తెలియును. పైగా చివరి రెండు వర్గములవారికి, ‘మీరు కోలుకొనగలరు, బాధను పట్టించుకొనకుడు’ అను ధోరణిలో శిక్షణ జరిగినది. ఆ పిమ్మట, ‘మీకు బాధ ఎట్లున్నది?’ అని వారినే అడిగిరి. నేర్పిన మాటయే జవాబుగా తిరిగి వచ్చు ప్రమాదము ఇందులో ఉన్నది. అట్టి తావున రోగి మాటపై ఆధారపడని కొలతలు అవసరము. ప్రారంభములో రోగులకు కదలికలను నమోదు చేయు పరికరములు కట్టిరి. రోగులకు భారమగునని ముగింపులో కట్టలేదు. 6 నిమిషముల నడకను మాత్రము కొలిచిరి. వ్యాయామ వర్గము సంవత్సరాంతమున సగటున 379 మీటర్లు నడిచినది. వైద్య సంరక్షణ మాత్రమే పొందిన వర్గము 348 మీటర్లు నడిచినది. భేదము 31 మీటర్లు. ఆరోగ్యవంతులు అదే కాలములో సాధారణముగా 500 మీటర్లకు పైగా నడుతురు. దీనిని కోలుకొనుట అని ఎట్లనగలము?

ఈ లోపములను మొదట పట్టుకొనినవారు పెద్ద ఆచార్యులు కారు, రోగులు. ఆస్ట్రేలియాకు చెందిన ఒక రోగి సమాచార హక్కు చట్టము క్రింద లెక్కలను కోరగా, లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయము నిరాకరించినది. 2016 ఆగస్టులో న్యాయాధికరణము ఇవ్వవలసినదేనని తీర్పు చెప్పినది. పాత ప్రణాళిక ప్రకారము లెక్కించి చూడగా, మానసిక చికిత్స, వ్యాయామము పొందినవారిలో 22 శాతము చొప్పున కోలుకొనిరన్న మాట 7 శాతమునకు, 4 శాతమునకు దిగినది. మిగిలిన వర్గములతో పోల్చినచో ఆ భేదము లెక్కకు నిలువలేదు. ఇతర ఆధారములను కూడ పరిశీలించి, బ్రిటను ఆరోగ్య ప్రమాణముల సంస్థ నైస్ 2021 అక్టోబరులో, పెంచుచు పోవు వ్యాయామమును ఈ రోగులకు ఈయరాదని సూచించినది. 2007లో దానిని సిఫారసు చేసినది ఆ సంస్థయే.

శరీరధర్మ శాస్త్రము కూడ ఆ ఊహకు అనుకూలముగా లేదు. వరుసగా రెండు రోజులు సైకిలు యంత్రముపై పరీక్షించి, పీల్చు ఆమ్లజనిని కొలిచినపుడు, వ్యాయామము అలవాటు లేని ఆరోగ్యవంతులు రెండవ రోజున కూడ దాదాపు మొదటి రోజు ఫలితమునే చూపిరి. పలు పరిశోధనలలో ఈ రోగుల ఫలితము రెండవ రోజున పడిపోయినది. కదలకపోవుట ఒక్కటియే కారణమైనచో ఇట్లు జరుగరాదు.

ఇక నా కారణము. కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుచున్న ఒక బాలుడు, జ్వరము తగ్గి రెండు నెలలైనను తరగతిలో కూర్చుండలేకపోవుచుండెను. రోజూ నడువుమనియు, దినదినము దూరము పెంచుమనియు చెప్పితిని. ‘సార్, నిన్న మీరు చెప్పినట్లే నడిచాను. ఇవాళ మంచం దిగలేకపోయాను’ అన్నాడు. ‘మొదట్లో అట్లాగే ఉంటుంది, మానవద్దు’ అంటిని. మూడు వారములకు అతడు రావడమే మానినాడు. ఆ సంవత్సరము పరీక్ష పోయినది. అతని వ్యాధికి ఏ పేరు తగునో చెప్పుటకు నేను వైద్యుడను కాను. కాని నిన్న నడక, నేడు పడక అని అతడు నాకొక పరిశీలనను తెచ్చి ఇచ్చినాడు. అది నా నమ్మకమునకు సరిపడనందున నేను దానిని లెక్కలోనికి తీసికొనలేదు. ప్రయోగశాలలో ఏ విద్యార్థియైనను అట్లు చేసినచో సున్న వేసియుందును.

వ్యాయామము చెడ్డదని దీని అర్థము కాదు. చాలమందికి అది మేలే. కోవిడు మొదలైన అంటువ్యాధుల తరువాత కొందరిలో ఈ వ్యాధి ప్రారంభమగునని నేడు తెలిసియున్నది. జ్వరము తగ్గిన విద్యార్థి చాలకాలము వరకు కోలుకొననిచో బద్ధకమని తీర్మానింపకుడు. డ్రిల్లు తరగతిలో పరుగెత్తింపకుడు. ఏనాడు ఎంత పని చేసినాడో, మరునాడు ఎట్లున్నాడో ఒక పుస్తకములో వ్రాసికొనుమనుడు. తలిదండ్రులను పిలిచి, ఆ పుస్తకముతో వైద్యుని వద్దకు పంపుడు. మీ అభిప్రాయమునకు అది అనుకూలముగా లేకపోయినను, అందులో ఏ ఒక్క పంక్తిని కొట్టివేయకుడు.