బిడ్డను చూసే మనిషి, ఆమె వేళలు

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి మత్స్యకార గ్రామాల్లో మగవారు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకు వలసపోయినా, ఆడవారు చేపల తట్టతో సంతకు వెళ్ళినా, బిడ్డను చూసుకునేది అమ్మమ్మో నాయనమ్మో. ఈ తీరం నుంచి విశాఖకు, హైదరాబాదుకు, అమెరికాకు చేరిన కుటుంబాలకు ఆ ఆసరా దూరమైంది; సందర్శక వీసా మీద అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులు సాధారణంగా ఆరు నెలలకు తిరిగి రావలసిందే కనుక, ఆ తరువాత ఇంట్లోనే ఉండే ఓ పేర్‌ను పెట్టుకోవాలా, నానీని కుదుర్చుకోవాలా అన్న ఆలోచన అక్కడి ఇళ్ళలో మొదలవుతుంది.

ఓ పేర్ అంటే పరాయి దేశపు కుటుంబంతో కలిసి ఉంటూ, వసతి, భోజనం, కొద్దిపాటి భత్యం తీసుకొని, ఆ ఇంటి పిల్లలను చూస్తూ అక్కడి భాషను, జీవనాన్ని నేర్చుకునే యువతి లేదా యువకుడు. 1986లో మొదలైన అమెరికా కార్యక్రమం ప్రకారం వీరి చేత రోజుకు 10 గంటలకు, వారానికి 45 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకటిన్నర రోజు సెలవు ఇచ్చి తీరాలి. నానీ జీతానికి పనిచేసే వృత్తి మనిషి. మూడు నెలలు నిండని పసికందును తల్లిదండ్రులో మరో బాధ్యతగల పెద్దవారో ఇంట్లో లేకుండా ఓ పేర్‌కు అప్పగించడాన్ని ఆ నిబంధనలే ఒప్పుకోవు కనుక, నెలల బిడ్డ ఉన్న ఇంటికి అనుభవం గల నానీయే తగినది.

అటువంటి నేర్పు ఉత్తరాంధ్రకు కొత్త కాదు. పసిబిడ్డకు నీళ్ళు పోసే ఆమె పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టి, వీపుకు నూనె రాసి, సున్నిపిండితో నలిచి, నీళ్ళ వేడిని ముందు తన చేతి మీద చూసుకుని, ముక్కులోకి నీరు పోకుండా అరచెయ్యి అడ్డుపెట్టి తల మీద పోస్తుంది. నీళ్ళు పోశాక పట్టే సాంబ్రాణి పొగ మాత్రం పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక ఆ ఒక్కటి మానడం మేలు. ఆమె పని ముగిశాక తన ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ వెళ్ళిపోవడంలోనే ఆమె గౌరవం ఉంది.

నగరాల్లో ఇంట్లోనే ఉండి పిల్లలను చూసే ఆయాకు ఆ వీలు లేదు. అర్ధరాత్రి బిడ్డ ఏడ్చినా ఆమే లేవాలి, తెల్లవారితే గిన్నెలూ ఆమే తోమాలి. ఆమె కన్నబిడ్డ మాత్రం ఊళ్ళో ముసలి తల్లి దగ్గర పెరుగుతుంటుంది. ఇంటిపనివారికి వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికలో నిర్దేశించినా, భారతదేశం దానిని ఇంతవరకూ ధ్రువీకరించలేదు. చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు: ఆయాను ఇంట్లో ఉంచుకునేవారు పని వేళలు, జీతం, సెలవు ముందే కాగితం మీద రాసుకోవాలి. ఆ సెలవులను నెలకొకసారైనా రెండు రోజులు కలిపి ఇస్తేనే విశాఖలో పనిచేసే తల్లి నౌపడా వరకు రైల్లో వెళ్ళి, ఊరు చేరి, బిడ్డతో ఒక రాత్రి గడిపి మర్నాడు తిరిగి రాగలుగుతుంది.