తిరుగు ప్రయాణపు నేర్పు

సింగరేణి బొగ్గుగనుల సంస్థలో పదవీ విరమణ చేసిన దంపతులు ఏడాదిలో సగం కాలం అమెరికాలోనో కెనడాలోనో పిల్లల వద్ద గడిపి, మిగతా సగం మంచిర్యాలలో బంధుమిత్రుల మధ్య గడిపే పద్ధతి ఈ ప్రాంతంలో ఇప్పుడు స్థిరపడింది. దీనిని విహారయాత్ర అనలేము, ఎందుకంటే ఇందులో వంట, పసిపిల్లల ఆలనాపాలన వంటి ఇంటిపనే ఎక్కువ; వలస అని కూడా అనలేము, ఎందుకంటే తిరుగు టికెట్టు లేకుండా ఎవరూ బయలుదేరరు. ఈ రాకపోకలకు తమవైన కాలపట్టిక, లెక్కలు, మర్యాదలు ఏర్పడ్డాయి కనుక దీనిని నేర్చుకోదగిన ఒక విద్యగా పరిశీలించవచ్చు. అలా పరిశీలించినప్పుడు ఆ విద్యలో కష్టమైన సగం విమానం దిగి ఇల్లు చేరిన తరువాతనే మొదలవుతుందని తేలుతుంది.

ఇంటి బాధ్యతలు తీరాక దూరప్రయాణం చేయడం తెలుగువారికి కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లిన దారి హైదరాబాదు, నిర్మల్ మీదుగా ఇప్పటి ఆదిలాబాద్ ప్రాంతాన్ని దాటి నాగపూర్ వైపు సాగింది. కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని అనుకునే ఆ రోజులలో క్షేమంగా తిరిగి రావడమే విశేషం కాబట్టి, వచ్చినవారు కాశీ సమారాధన చేసేవారు, అనగా తెచ్చిన గంగకు పూజ జరిపి, బంధువులకు, ఊరివారికి భోజనం పెట్టి, కాశీదారాలు పంచేవారు. దానివల్ల ప్రయాణఫలంలో ఊరికి వాటా దక్కేది, చాలాకాలం కనబడని మనిషి మళ్లీ ఊరి లెక్కలోకి వచ్చేవాడు. విదేశాలలో పిల్లల ఇళ్లకు వెళ్లివచ్చేవారికి శాస్త్రం ఏర్పరచిన అటువంటి తంతు ఏదీ లేదు గనుక, వారు దానిని తామే కల్పించుకోవలసి వచ్చింది.

బొగ్గుగనుల పట్టణాలలో ఈ అవసరం మరింత ఎక్కువగా ఉండడానికి చారిత్రక కారణం ఉంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాక, 1889లో మొదలైన తవ్వకం గోదావరి లోయ వెంట విస్తరించి బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, గోదావరిఖని వంటి పట్టణాలను పెంచింది. వాటిలో స్థిరపడిన కార్మికులు వేర్వేరు జిల్లాల పల్లెలు విడిచి వచ్చినవారు. బాయి పని, అనగా గనిలో కొలువు, వారికి జీతంతో పాటు కంపెనీ క్వార్టరును, ఆ వరుసలోని ఇరుగుపొరుగును కూడా ఇచ్చింది. పదవీ విరమణతో, 2021 నుంచి 61 ఏళ్లకు, జీతం ఆగిపోవడంతో పాటు క్వార్టరు కూడా ఖాళీ చేయవలసి ఉంటుంది. అప్పటికి సొంత పల్లెలో ఇల్లు కూలి, పొలం పంపకాలై, తెలిసినవారు తగ్గిపోయి ఉంటారు కాబట్టి చాలామంది మంచిర్యాలలోనో నస్పూర్‌లోనో జాగా కొని ఇల్లు కట్టుకుంటారు. ఆ కొత్త వీధి వారిని ఎరుగదు. వారిని ఎరిగిన కాలనీలో ఇప్పుడు వేరేవారు ఉంటారు, లేదా ఎవరూ ఉండరు. 1990లలో లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య 40 వేల చుట్టూ వచ్చి ఆగింది, ఎన్నో భూగర్భ గనులు మూతపడ్డాయి. కనుక ఇక్కడి విశ్రాంత దంపతులు తిరిగి వచ్చేది ఒక స్థలానికి అనడం కంటే కొందరు మనుషుల దగ్గరకు అనడమే సత్యానికి దగ్గర.

ప్రయాణకాలాన్ని నిర్ణయించేవి మూడు: పురుడు, వీసా, ఎండ. కూతురికో కోడలికో పురుడు వచ్చినప్పుడు ముందుగా కావలసింది తల్లి చేయి కాబట్టి ఈ ప్రయాణాలలో అసలు ప్రయాణికురాలు భార్య, తోడు వెళ్లేవాడు భర్త. అమ్మాయి తల్లిదండ్రులు ఆరు నెలలు ఉండి వస్తే అబ్బాయి తల్లిదండ్రులు వెళ్తారు. మూడు షిఫ్టులలో బతుకు గడిపిన ఇళ్లకు వియ్యాలవారి ఈ వంతులు సులభంగానే అర్థమవుతాయి. అమెరికా సందర్శక వీసాను సాధారణంగా 10 ఏళ్లకు ఇస్తారు గాని, ఒక్కో రాకలో ఎంతకాలం ఉండవచ్చో అక్కడ దిగినప్పుడు అధికారి నిర్ణయించి ఐ-94 అనే రాకపోకల నమోదులో చేరుస్తాడు, ఆ గడువు చాలావరకు ఆరు నెలలు. కెనడా 2011లో తెచ్చిన సూపర్ వీసా మాత్రం, 2022లో మారిన నియమం ప్రకారం, ఒకే రాకలో ఐదేళ్ల వరకు ఉండనిస్తుంది. వీసా ముఖాముఖికి చెన్నై దాకా పోవలసిన అవసరం 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ రావడంతో తప్పింది, శంషాబాద్ విమానాశ్రయమూ ఆ ఏడాదే మొదలైంది.

ఈ పరిమితులలోనే ఒక కాలపట్టిక కుదిరింది. రామగుండం, మంచిర్యాల ఎండలు 45 డిగ్రీలు దాటకముందే, ఉగాది వెళ్లగానే బయలుదేరి, బతుకమ్మ పండుగకు ముందు తిరిగి వస్తే ఇక్కడి ఎండా, అక్కడి మంచూ రెండూ తప్పుతాయి. దసరా తరువాత కార్తీకంలో వనభోజనాలు, నవంబరులో బ్యాంకు వద్ద జీవన ధ్రువపత్రం, డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం, సంక్రాంతి సెలవులలో పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు వరుసగా వస్తాయి. పింఛనుదారు బతికి ఉన్నట్టు ఏటా చూపవలసిన ఆ ధ్రువపత్రాన్ని ఆధార్ సాయంతో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014లో మొదలైంది, 2021 నుంచి ఫోనులో ముఖం చూపి ఇచ్చే వీలు కలిగింది. అయినా చాలామంది నవంబరుకు ఇంటికి చేరడానికే ఇష్టపడతారు, ఎందుకంటే బ్యాంకు ముందు వరుస కూడా పాత బాయి దోస్తులు కలిసే చోటే.

డబ్బు సంగతి దాచదగినది కాదు. 1998 బొగ్గుగనుల పింఛను పథకంలో ధరలతో పాటు పెరిగే కరువు భత్యం లేదు, కనుక విమాన ఖర్చు పిల్లలే పెట్టుకోవలసి వస్తుంది, జీవితమంతా ఇచ్చిన చేతికి తీసుకోవడం నేర్చుకోవలసి వస్తుంది. పదవీ విరమణ తరువాత వైద్యానికి కంపెనీ ఇచ్చే కార్డు దేశం దాటితే అక్కరకు రాదు; సందర్శకుల బీమా పాలసీలు చాలావరకు పాత జబ్బులకు పూర్తి రక్షణ ఇవ్వవు; అందువల్ల బీపీ, షుగరు మందులు ఆరు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా, సకినాల డబ్బాల కంటే ముందుగా సర్దుకోవడం తెలిసినవారి పద్ధతి. అక్కడ కారు లేనిదే గడప దాటడం కష్టం కాబట్టి నయాగరా వంటివన్నీ శనివారం, ఆదివారాల సంగతులు, మిగతా ఐదు రోజులూ ఇంటి సంగతులు. వేసవిలో అమెరికా తూర్పు తీరానికీ ఇక్కడికీ తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటుంది, కనుక మంచిర్యాలలో సాయంత్రం చాయ్ వేళకు అక్కడ ఉదయం అవుతుంది. ఆ వేళ చేసే ఫోను వల్ల ఎవరి ఇంట్లో పెళ్లి కుదిరిందో, ఎవరు ఆసుపత్రిలో చేరారో తెలుస్తూ ఉంటుంది. ఇలా తెలుసుకుంటూ ఉన్నవారికి తిరుగు ప్రయాణం సగం తేలికవుతుంది.

తిరిగి వచ్చాక మొదటి బాధ్యత పరామర్శ. ఈ వయసువారి మిత్రబృందంలో ఆరు నెలలలో ఒకరో ఇద్దరో తగ్గడం సహజం. ఆ ఇళ్లకు వెళ్లి కూర్చున్న తరువాతే, తప్పిపోయిన పెళ్లిళ్లకు బట్టలు పెట్టి, కట్నాలు చదివించి, పుట్టిన పిల్లలను చూసి రావడం మర్యాద. తెచ్చిన చాక్లెట్లు పంచడం వీటన్నిటి తరువాత సంగతి. ఈ వరుస తప్పి నేరుగా విందులకు వెళ్లినవారిని ఎవరూ మందలించరు గాని, లోపల లెక్క రాసుకుంటారు.

ఆ పిమ్మట ఆత్మీయ సమ్మేళనాలు, అనగా ఒకే ఏడు పదో తరగతి చదివినవారో, ఒకే గనిలో పనిచేసినవారో ఫంక్షన్ హాలు తీసుకుని కలిసే సభలు వస్తాయి. ఆర్కే, కేకే అనే పొడి అక్షరాలతో పిలుచుకునే రవీంద్రఖని, కల్యాణిఖని గనుల వరుస సంఖ్యలు అక్కడ ఇంటిపేర్లకంటే ఎక్కువగా వినిపిస్తాయి. ఈ సభలలో చెప్పని నియమం ఒకటి ఉంటుంది: అందరూ ఒకే మొత్తం చందా వేయాలి, అమెరికా ముచ్చట అడిగితేనే చెప్పాలి. ఒకే తట్టా పారా పట్టినవారిలో ఒకరి కొడుకు డల్లాస్‌లో ఉండవచ్చు, మరొకరి కొడుకు తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక వచ్చిన వారసత్వ ఉద్యోగంలో అదే బాయికి దిగుతూ ఉండవచ్చు, ఇంకొకరి కొడుక్కి ఏ పనీ దొరకక ఉండవచ్చు. ఈ తేడాలు అందరికీ తెలిసినా ఒక పూట వాటికి అతీతంగా కూర్చోగలగడమే సమ్మేళనం సాధించే అసలు ఫలం, విదేశం వెళ్లివచ్చినవారు ఆ ఫలాన్ని చెడగొట్టగలరు కూడా.

స్త్రీల విషయం వేరుగా చెప్పుకోవాలి. భర్త పదవీ విరమణ రోజున శాలువా, దండ, ప్రసంగాలు ఉంటాయి. ముప్పై ఏళ్లు ఒకే వరుసలో నల్లా నీళ్లు పంచుకుని, రాత్రి షిఫ్టు భర్తల కోసం పిల్లల చప్పుడును అదుపు చేసిన భార్య ఆ కాలనీని విడిచే రోజున ఏ సన్మానమూ ఉండదు. ఆమె స్నేహాలకు హాజరు పట్టీ లేదు, గని పేరు లేదు, బ్యాచ్ సంవత్సరమూ లేదు గనుక వాటిని తిరిగి కూర్చడం కష్టం. విదేశంలో అలసిపోయేంత పని చేసి వచ్చిన ఆమెకు బతుకమ్మ తొమ్మిది రోజులూ, కార్తీక వనభోజనాలే సమ్మేళనాలు. ఆమె పాత కాలనీకి వెళ్లి ఆడడానికి ఒక సాయంత్రం తోడు రావడం భర్త బాధ్యతగా లెక్కలోకి రావాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి, 2015 తరువాత మళ్లీ పన్నెండేళ్లకు నది ఒడ్డున అందరూ కలిసే అవకాశం కలుగుతుంది. చాలా ఇళ్లలో తిరుగు ప్రయాణాలు అప్పటికి కుదిరేలా చూసుకోవడం సహజం. కాని పన్నెండేళ్లకొక పండుగ మీదా, అద్దె హాళ్ల మీదా ఈ బంధాలు ఎంతకాలం నిలుస్తాయన్నది ఆలోచించవలసిన విషయం. మందమర్రి, రామకృష్ణాపూర్ వంటి చోట్ల కార్మికుల వినోదానికి కట్టిన సీఈఆర్ క్లబ్బులు ఉన్నాయి. వాటిలో నెలకొక పూట విశ్రాంత కార్మికులకు, మరొక పూట కాలనీ స్త్రీలకు కేటాయిస్తే కంపెనీకి పెద్ద ఖర్చు కాదు. క్వార్టరు తాళం తిరిగి తీసుకున్న సంస్థ, ఆ దంపతులు ఏ దేశం నుంచి వచ్చినా తమవారిని కలిసే ఒక గది ఇవ్వడం న్యాయం.