బౌలరు చేతికి బ్యాటు

కామారెడ్డి అయినా ఎల్లారెడ్డి అయినా, ఆదివారం పొద్దున మైదానానికి పోయి చూడండి. బ్యాటు ఎవడిదో వాడే ముందు ఆడతాడు. బ్యాటు లేని పిల్లగాడు ఎండెక్కేదాకా బంతులు వేస్తూనే ఉంటాడు. పిల్లలకు స్పిన్ నేర్పే నాకు అలాంటివాణ్ని చూసినప్పుడల్లా పల్వంకర్ బాలూ గుర్తొస్తాడు.

1876లో చమార్ అనే దళిత కులంలో పుట్టిన బాలూ, పుణేలో తెల్లదొరల క్లబ్బులో నెలకు 4 రూపాయల జీతానికి పిచ్ ఊడ్చేవాడు, రోలర్ లాగేవాడు. గ్రెగ్ అనే దొర గంటల తరబడి ఆయనతో బౌలింగ్ చేయించుకుని తన బ్యాటింగ్‌కు పదును పెట్టుకున్నాడు. బాలూకు మాత్రం అక్కడ బ్యాటు పట్టే అవకాశమే రాలేదు.

ఆ గంటల్లోనే ఎడమచేతి స్పిన్ ఆయనకు వశమైంది. చూపుడువేలిని కుట్టు మీద గట్టిగా ఆనించి, వదిలేటప్పుడు లాగి తిప్పాలి. కొన్నాళ్లకు ఆ వేలి పక్కన కాయ కాస్తుంది. అంతకన్నా కష్టం బంతిని బ్యాటర్ కంటికి పైగా ఎగరేయడం. సిక్సర్ కొడతాడేమోనన్న భయంతో మా పిల్లలు బంతిని బల్లపరుపుగా విసిరేస్తారు. ఆ భయం పోయేదాకా స్పిన్నర్ తయారుకాడు.

పుణే హిందూ జట్టుకు ఆయన బౌలింగ్ కావాల్సివచ్చింది. మైదానంలో ఆయన వేసిన బంతినే అందరూ పట్టుకున్నారు. టీ వేళకు మాత్రం ఆయన్ని బయట నిలబెట్టి మట్టిముంతలో పోశారు. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మన పల్లెలకు ఇది వివరించనక్కర్లేదు. 1911లో భారత జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి 114 వికెట్లు తీసినా, బొంబాయి పోటీల్లో హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. అమెరికాలో బేస్‌బాల్ బంతి విసరడంలో మేటి అయిన సాచెల్ పేజ్‌దీ ఇదే గతి. నల్లవాడైనందుకు మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి, 1948లో, 42 ఏళ్లొచ్చాయి. వాళ్ల చేతుల్లో సత్తువ నిండుగా ఉన్న ఏళ్లకు బదులు ఎవరివ్వగలరు?

అందుకే మా దగ్గర బ్యాటు ఎవరిదైనా, ముందురోజు ఎక్కువ ఓవర్లు వేసినవాడే మొదట ఆడతాడు. కెప్టెన్సీ కూడా వంతులవారీగానే. బ్యాటున్న పిల్లలు గొణిగారు, ఒకరిద్దరు రావడం మానేశారు. ఈ నెల వంతు ఎడమచేతి స్పిన్నర్ ఒకడిది. ఫీల్డర్లను ఎక్కడ నిలబెట్టాలో వాడికి నాకన్నా బాగా తెలుసు.