ఏకాభిప్రాయం లేకున్నా సాగిన పని

వేర్వేరు చదువుల వాళ్లు, వేర్వేరు సంస్థల వాళ్లు కలిసి పనిచేయాలంటే ముందు అందరి ఉద్దేశమూ ఒక్కటై ఉండాలని మనం గట్టిగా నమ్ముతాం. ఈ కలిసి పనిచేసే తీరునే పరిశోధించిన వాళ్లు మాత్రం అక్కర్లేదంటారు. వాళ్లకు ఆ సంగతి తెలిసింది ఒక మ్యూజియం పాత కాగితాల్లో.

అమెరికాలోని బర్క్లీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1908లో వెన్నెముక ఉన్న జీవుల మ్యూజియం వెలసింది. డబ్బు పెట్టింది చక్కెర వ్యాపార కుటుంబానికి చెందిన ఆనీ అలెగ్జాండర్. కాలిఫోర్నియా జంతుజాలం కనుమరుగు కాకముందే దాని ఆనవాళ్లు దక్కించుకోవాలని ఆవిడ ఆరాటం. డైరెక్టర్ జోసెఫ్ గ్రిన్నెల్‌కు పరిసరాలను బట్టి జీవులు ఎలా మారతాయో తేల్చే ఆధారాలు కావాలి. ఉచ్చులు పన్నేవాళ్లకు చేతిలో డబ్బు పడాలి. విశ్వవిద్యాలయ పెద్దలకు పేరు రావాలి. ఎవరి లెక్క వారిది.

సమాజశాస్త్రవేత్త సుసాన్ లీ స్టార్, తత్వశాస్త్రవేత్త జేమ్స్ గ్రీసెమర్ 1989లో ఈ మ్యూజియంపై ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ల చూపు నిలిచింది మామూలు కాగితాల మీద. పట్టిన ప్రతి జంతువుకూ చోటు, తేదీ, కొలతలు రాసిన చీటీ ఉండాలని గ్రిన్నెల్ పట్టుబట్టేవాడు. ఆ వివరాలు లేని చర్మం ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు. ఉచ్చు పన్నేవాడికి పరిణామ సిద్ధాంతం బోధించనక్కర్లేదు, గడులు సరిగ్గా నింపడం నేర్పితే చాలు. ఇలా చేతులు మారుతూ, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా అక్కరకొస్తూ, తన రూపు మాత్రం చెడని వస్తువుకు ఆ ఇద్దరూ 'బౌండరీ ఆబ్జెక్ట్' అని పేరు పెట్టారు.

కలిసి పనిచేసే తీరును పరిశోధించడానికి కావలసింది ఓపిక. ప్రశ్నాపత్రం పంచి 'మీ మధ్య సహకారం ఎలా ఉంది' అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. అందుకే పరిశోధకులు పనిచేసే చోటికే వెళ్లి పక్కన కూర్చుంటారు. జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త జిరాక్స్ మెషిన్లు బాగుచేసే వాళ్ల వెంట తిరిగాడు. ఇంజనీర్లు రాసిన మాన్యువల్ తేల్చలేని లోపాలను ఆ మెకానిక్‌లు భోజనాల దగ్గర చెప్పుకునే అనుభవాలతో తేల్చుకుంటున్నారని గమనించి, 1996లో పుస్తకంగా రాశాడు. ఆఫీసు రికార్డుల్లో ఆ కబుర్లకు చోటే లేదు. పని నడిపించేది మాత్రం అవే.

గ్రిన్నెల్ రాయించిన నోట్సు విలువ దాదాపు శతాబ్దం తర్వాత మళ్లీ తెలిసొచ్చింది. శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలోని యోసెమిటీ కొండల్లో ఆ నోట్సులోని చోట్లే వెతికి చూస్తే, 28 చిన్న క్షీరద జాతుల్లో సగం జాతుల ఆవాసాల హద్దులు సగటున 500 మీటర్లు పైకి జరిగాయని 2008లో తేలింది. ఉష్ణోగ్రతలు పెరగడమే కారణమని వాళ్ల అభిప్రాయం. ఆ చీటీలు రాసినవాళ్లలో ఎవరూ వాతావరణ మార్పు గురించి ఆలోచించి ఉండరు.

మన ఊళ్లలోనూ అలాంటి కాగితం ఒకటుంది: మాతా శిశు సంరక్షణ కార్డు. అంగన్‌వాడీ టీచర్ బిడ్డ బరువు తూచి చుక్క పెడుతుంది, ఏఎన్ఎం టీకా తేదీ వేస్తుంది, దాచుకునేది తల్లి. శాఖలు రెండు, కార్డు ఒక్కటే. సమాజశాస్త్రం, ప్రజారోగ్యం చదువుతున్న విద్యార్థులారా, ఒక్క గ్రామంలో ఆ కార్డు వెంట నడవండి. ఏ గడి ఖాళీగా మిగులుతోందో చూడండి, ఎందుకో ఆ ముగ్గురినీ అడిగి రాయండి.