అబిడ్స్, నాంపల్లి చర్చిలు: వాస్తువు, పవిత్రస్థలం - ఒక విమర్శనాత్మక పరిశీలన

వలసపాలన నాటి చర్చి నిర్మాణాన్ని చర్చించేటప్పుడు ఆండీస్ పర్వత ప్రాంతాన్ని నమూనాగా తీసుకోవడం సులభం. పెరూలోని కుస్కో నగరంలో ఇంకాల సూర్యాలయమైన కొరికాంచ గోడలమీదనే స్పానిష్ వారు సాంతో దొమింగో చర్చిని నిలిపారు. 1950 నాటి భూకంపంలో పై కట్టడం దెబ్బతినగా, అడుగున ఉన్న ఇంకాల రాతిగోడలు మరింతగా బయటపడ్డాయి. జేతల ఆలయం, పరాజితుల ఆలయం ఒకే పునాదిని పంచుకున్నాయి. ఈ నమూనాను హైదరాబాదుకు అన్వయించవచ్చునా?

అన్వయించలేమని నా అభిప్రాయం. అబిడ్స్‌లోని సెయింట్ జార్జ్ చర్చి 1867లోను, గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ 1875లోను ఆరాధనకు తెరుచుకున్నాయి. బ్రిటిష్ రెసిడెన్సీ పలుకుబడి ఎంత ఉన్నా, రాజ్యం నిజాముది. కూలిన గుడి గోడమీద లేచిన చర్చిలు కావివి. సమీపంలోని నాంపల్లిలో యూసుఫైన్ దర్గా అప్పటికే జనం మొక్కులు తీర్చుకునే చోటు. చర్చి గంటలు మోగడం మొదలైనా దర్గాకు వచ్చేవారి రాక ఆగలేదు. ఇక్కడ పవిత్రత పొరలుగా ఒకదానిమీద ఒకటి పేరుకోలేదు, పక్కపక్కన విస్తరించింది.

పేర్లను చూసినా ఇదే తెలుస్తుంది. గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగుల కార్ఖానాను గుర్తుచేస్తుంది. ఆరవ నిజాం కొలువులోని ఆల్బర్ట్ అబిడ్ నడిపిన దుకాణం వల్ల అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. ఆరాధనను నేరుగా స్మరించేది చాపెల్ రోడ్డు ఒక్కటే. ఫిరంగి, అంగడి, ప్రార్థన: ఈ క్రమాన్ని గమనించకుండా ఈ చర్చిలను కేవలం ‘గోథిక్’, ‘ఇటాలియన్’ శైలుల పట్టికలో చేర్చి సరిపెట్టుకునే వర్ణన వాటిని పరిసరాల నుంచి పెరికివేస్తుంది. వాస్తుచరిత్ర కాదది, సామాను జాబితా.

అయితే సహజీవనమన్న మాటతో సంతృప్తి పడటమూ పొరపాటే. పరాయి రాజ్యంలో అతిథిగా నిలిచిన చర్చికి స్థానిక రూపం ధరించవలసిన ఒత్తిడి లేకపోయింది. అందుకే అది ఐరోపా ముఖంతోనే ఉండిపోయింది. ఆ ముఖాన్ని మార్చే ప్రయత్నం నగరంలో కాదు, అదే నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో జరిగింది. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి. ఎస్. అజరయ్య హయాంలో రూపొంది, 1939లో ప్రతిష్ఠితమైన ఎపిఫనీ కెథెడ్రల్‌లో హిందూ ఆలయ స్తంభాలు, ముస్లిం కట్టడాల గుమ్మటాలు కలిశాయి. ఆ ఆలయంలో గుమికూడినవారు అధికశాతం మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన తెలుగు క్రైస్తవులు. ఏ గుడి గడపలను దాటనివ్వక వారిని నిలిపివేశారో, ఆ గుడి స్తంభాల మధ్యనే వారిప్పుడు ప్రార్థనకు నిలిచారు.